మిడీ కేబుల్‌ను 50 మీటర్లు, 100 మీటర్లు లాగాలంటే ఎలా?

కురుమూర్తి జాతరైనా, చెరువుగట్టు జాతరైనా, నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానంలో పెద్ద ప్రోగ్రామ్ అయినా ఏర్పాటు ఒకటే రకం. స్టేజీ ముందు ఉంటుంది, మిక్సర్ పెట్టిన టెంట్ జనం వెనకాల ఉంటుంది. ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) మీద దెబ్బ పడినప్పుడల్లా లైట్లు మారాలి, లైట్ల ల్యాప్‌టాప్ ఏమో టెంట్‌లో ఉంది. లేదంటే కీబోర్డు స్టేజీ మీద, సౌండ్లన్నీ ఉన్న ల్యాప్‌టాప్ దుమ్ముకు భయపడి ఆపరేటర్ పక్కన. ఇలాంటప్పుడు కావాల్సింది మిడీ. అది సౌండ్‌ను మోయదు, ఏ స్వరం ఎప్పుడు ఎంత గట్టిగా నొక్కారో చెప్పే సంకేతాన్ని మోస్తుంది. షాపులో దొరికే మిడీ కేబుల్ 3 మీటర్లో 5 మీటర్లో ఉంటుంది. ప్రమాణంలో 15 మీటర్లు దాటొద్దని రాసి ఉంది. మనకు కావాల్సింది 50.

50 మీటర్లేం ఖర్మ, 500 మీటర్లు కూడా పంపొచ్చు. అయితే దూరాన్ని బట్టి పద్ధతి మారుతుంది. ఏ దూరానికి ఏది సరిపోతుంది, చేతితో ఎలా తయారు చేసుకోవాలి, ప్రోగ్రామ్‌కు ముందు ఎలా పరీక్షించాలి అన్నది వరసగా చెబుతాను. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ వాడటం వస్తే చాలు.

అసలు మిడీయే పోవాలా?

కేబుల్ కొనేముందు ఈ ప్రశ్న వేసుకోండి. సౌండ్ మాడ్యూల్‌నో ల్యాప్‌టాప్‌నో స్టేజీ మీదే, కీబోర్డు కిందే పెట్టి, దాని ఆడియోను డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ను మైక్ లైనుకు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) ద్వారా మిక్సర్‌కు పంపితే సగం కేసుల్లో సమస్యే ఉండదు. ఆడియోకు మల్టీకోర్ (చాలా మైక్ లైన్లు ఒకే తొడుగులో ఉండే కేబుల్) ఎలాగూ పరిచే ఉంటుంది. పైగా మిడీ టెంట్‌కు వెళ్లి అక్కడ సౌండ్ తయారైతే, వాయించేవాళ్లకు వినపడటానికి ఆ సౌండ్ మళ్లీ స్టేజీ మానిటర్‌కు రావాలి. అంటే వెనక్కి ఇంకో లైను.

మిడీయే దూరం పోవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. లైట్ల సాఫ్ట్‌వేర్‌ను ప్యాడ్స్‌తో నడపడం, చర్చిలో వేదిక మీద కీబోర్డు ఉండి కంప్యూటర్ బాల్కనీలో ఉండటం, పెద్ద ఫంక్షన్ హాల్లో స్టేజీకి ఆ చివర ఒక కీబోర్డు, ఈ చివర ఒక కీబోర్డు పెట్టి రెంటినీ కలపడం. మీది ఇలాంటి కేసయితేనే ముందుకు చదవండి.

15 మీటర్లు అని ఎందుకన్నారు

ఇది తెలిస్తే మిగతాదంతా తేలిక. 1983లో వచ్చిన మిడీ 1.0 ప్రమాణం ప్రకారం, పంపే పరికరం కేబుల్‌లోకి సుమారు 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు వదులుతుంది. అవతలి పరికరంలో ఆప్టోకప్లర్ అనే చిప్ ఉంటుంది. ఆ కరెంటుకు దాని లోపలి చిన్న ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఎదురుగా ఉన్న సెన్సర్ ఆ వెలుగును చూసి సిగ్నల్ తయారు చేస్తుంది. కరెంటు ఉంటే సున్నా, లేకపోతే ఒకటి. రెండు పరికరాల లోపలి సర్క్యూట్లు నేరుగా కలవవు, మధ్యలో వెలుగే ఉంటుంది కాబట్టి హమ్ (గుయ్యిమనే మోత) రాదు. ఈ ఏర్పాటులోని అసలు తెలివి అదే.

వేగం సెకనుకు 31,250 బిట్లు. అంటే ఒక్కో బిట్‌కు 32 మైక్రోసెకన్లు. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక బైట్‌కు 320 మైక్రోసెకన్లు. ఒక స్వరం నొక్కితే 3 బైట్లు పోతాయి, దాదాపు ఒక మిల్లీసెకను.

ఇక కేబుల్. చాలామంది తీగ రెసిస్టెన్స్ వల్ల కరెంటు తగ్గిపోతుందని అనుకుంటారు. లెక్క చూడండి. 5 వోల్టుల పరికరాల్లో ఈ దారిలో మూడు 220 ఓమ్‌ల రెసిస్టర్లు ముందే ఉన్నాయి, మొత్తం 660. క్యాట్ 6 కేబుల్ (కంప్యూటర్ నెట్‌వర్క్‌కు వాడేది) 100 మీటర్లు పోయి వస్తే 19 ఓమ్‌లకు మించదు. 660 దగ్గర 19 ఎంత? తేడా మూడు శాతం లోపే.

అసలు చిక్కు కెపాసిటెన్స్. పక్కపక్కనే ఉన్న రెండు తీగలు కొంత చార్జి పట్టి ఉంచుతాయి. బత్తాయి తోటలో బోరు మోటారు ఆపినా పొడుగు పైపులో మిగిలిన నీళ్లు కాసేపు కారుతూనే ఉంటాయి కదా, అదే తీరు. పంపేవాడు కరెంటు ఆపినా కేబుల్‌లో మిగిలిన చార్జి ఎల్‌ఈడీని ఇంకొంచెం సేపు వెలిగిస్తుంది. దాంతో బిట్ అంచులు నిటారుగా ఉండకుండా వంగిపోతాయి. మామూలు మైక్ కేబుల్‌కు మీటరుకు 100 పికోఫారడ్ల చుట్టూ ఉంటుంది, క్యాట్ 6 జతకు 50 చుట్టూ. నాసిరకం షీల్డ్ కేబుల్‌కు 200 కూడా దాటొచ్చు. ఆప్టోకప్లర్ 2 మైక్రోసెకన్ల లోపు మారాలని ప్రమాణం అడుగుతుంది. 100 మీటర్ల మైక్ కేబుల్ మీద కేబుల్ ఒక్కటే 4 మైక్రోసెకన్ల పైన తినేస్తుంది, దానికి ఆప్టోకప్లర్ సొంత బద్ధకం తోడవుతుంది. బిట్ వెడల్పు 32 కాబట్టి వెంటనే అంతా ఆగిపోదు. అప్పుడప్పుడు ఒక బిట్ తప్పుతుంది. ఆ "అప్పుడప్పుడు" అనేదే ప్రోగ్రామ్ మధ్యలో ప్రాణం తీస్తుంది.

అంటే 15 మీటర్లు గోడ కాదు, ఎలాంటి కేబుల్‌కైనా, ఎలాంటి పరికరానికైనా గ్యారంటీ ఇవ్వగల హద్దు. మంచి కేబుల్ వాడితే అంతకన్నా పోతుంది.

"అన్నా, కేబుల్ పొడుగైతే దెబ్బ లేటుగా వస్తదా?" అని ప్యాడ్స్ వాయించే పిల్లలు అడుగుతుంటారు. రాదు. తీగలో సిగ్నల్‌కు మీటరుకు 5 నానోసెకన్ల చుట్టూ పడుతుంది, 100 మీటర్లకు అర మైక్రోసెకను. లేటు వచ్చేది గాలిలో. 40 మీటర్ల అవతల ఉన్న స్పీకర్ సౌండ్ చెవికి చేరడానికి 117 మిల్లీసెకన్లు పడుతుంది. పాపం, తిట్లు మాత్రం కేబుల్‌కు పడతాయి.

దారి కొలవండి

స్టేజీకీ టెంట్‌కూ మధ్య అడుగులు లెక్కపెట్టి కేబుల్ కొనకండి. స్టేజీ ఎత్తు, బారికేడ్ల చుట్టూ మలుపు, జనం దాటేచోట పైకెత్తి స్తంభానికి కట్టడం, రెండు చివర్లా రెండేసి మీటర్ల వదులు, ఇవన్నీ కలుస్తాయి. నేరుగా 30 మీటర్లు కనపడే చోట 45 పడుతుంది. తాడు పరిచి కొలవడం మంచిది.

15 మీటర్ల లోపు

ఏ హంగామా అక్కర్లేదు. అసలైన మిడీ కేబుల్ ఒకే ముక్కగా తీసుకోండి. రెండు కేబుళ్లను జాయింటర్‌తో కలిపితే జనం కాళ్లకు తగిలి ఊడేది ఆ జాయింటే. మిడీకి వాడే 5 పిన్నుల గుండ్రటి ప్లగ్‌ను డిన్ అంటారు. పాత టేప్‌రికార్డర్ల డిన్ కేబుల్ చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, లోపల మెలితిప్పిన జత ఉండదు, కొన్నింట్లో పిన్నులు అడ్డంగా కలిపి ఉంటాయి. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి 4కు 4, 5కు 5, 2కు 2 మోగుతున్నాయా, ఒకదానితో ఇంకోటి మోగకుండా ఉన్నాయా చూడండి. పిన్నుల వరస 1, 2, 3, 4, 5 కాదని గుర్తుంచుకోండి. అర్ధచంద్రంలో ఒక చివర నుంచి 1, 4, 2, 5, 3. మధ్యది 2, దానికి అటూ ఇటూ 4, 5. మిడీకి కావాల్సినవి ఈ మూడే.

15 నుంచి 50 మీటర్లు: క్యాట్ 6 చాలు

నా ఓటు దీనికే. ఇప్పుడు దేవరకొండ, వనపర్తి, మిర్యాలగూడ ఎక్కడైనా సీసీ కెమెరాలు బిగించేవాళ్ల దగ్గర క్యాట్ 6 చుట్ట దొరుకుతుంది. ధర తక్కువ, కెపాసిటెన్స్ మైక్ కేబుల్‌లో సగం, జతలు గట్టిగా మెలితిప్పి ఉంటాయి కాబట్టి బయటి నాయిస్ పెద్దగా పట్టదు. కెమెరాలకే వాడే 3+1 కేబుల్ మాత్రం వద్దు, అందులో మెలితిప్పిన జత ఉండదు.

కొనేటప్పుడు ఒక ముక్క కత్తిరించి తీగను బ్లేడుతో గీకి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. రెసిస్టెన్స్ ఎక్కువ, కానీ అదంత పెద్ద బాధ కాదు. నాలుగుసార్లు చుట్టి విప్పితే లోపల తీగ తెగుతుంది, పైన తొడుగు బాగానే ఉంటుంది కాబట్టి ఎక్కడ తెగిందో కనపడదు. గీకినంత లోతూ ఎర్రగా ఉంటేనే తీసుకోండి. ఇంట్లో గోడలకు వేసే క్యాట్ 6లో తీగ ఒంటి పోగుగా ఉంటుంది. రోజూ చుట్టి విప్పే పనికి సన్నపోగుల రకం దొరికితే అదే మేలు.

ఇప్పుడు రెండు చివర్లకూ చిన్న అడాప్టర్లు కావాలి. ఒకవైపు 5 పిన్నుల డిన్ ప్లగ్, ఇంకోవైపు ఆర్‌జే45 సాకెట్ (నెట్‌వర్క్ కేబుల్ దూరే 8 పిన్నులది), మధ్యలో ఒక జాన తీగ. కలిపేది ఇలా:

డిన్ 4 నుంచి ఆర్‌జే45లో 4కు, డిన్ 5 నుంచి 5కు. ఇలా గుర్తుపెట్టుకోవడం తేలిక, పైగా రంగుల వరసలో ఎ పద్ధతి వాడినా బి పద్ధతి వాడినా 4, 5 రెండూ నీలం జతే. ఇది ముఖ్యం. రెండు తీగలూ ఒకే జతలో ఉండాలి, ఒకటి నీలంలో, ఒకటి ఆకుపచ్చలో పెడితే మెలితిప్పిన లాభమంతా పోతుంది. డిన్ 2ను 7, 8 రెంటికీ కలిపి కట్టండి, అది గోధుమరంగు జత.

డిన్ 2 గురించి ఒక మాట. పంపే వైపు అది గ్రౌండ్. అందుకునే పరికరం లోపల మిడీ ఇన్ సాకెట్‌లో 2ను వదిలేయాలని ప్రమాణమే చెబుతుంది. చౌక పరికరాల్లో కొన్ని దాన్ని గ్రౌండ్‌కు కలిపేస్తాయి. స్టేజీకి ఒక జెనరేటర్, టెంట్‌కు ఊరి కరెంటు ఉన్నచోట అదే హమ్‌కు దారి. అందుకని అందుకునే వైపు అడాప్టర్‌లో 2ను కలపకుండా వదిలేయడం నా అలవాటు. అప్పుడు ఆ అడాప్టర్ మీద "ఇన్" అని, రెండోదాని మీద "అవుట్" అని పర్మనెంట్ మార్కర్‌తో రాయాలి.

రెండో దిక్కుకు కూడా మిడీ కావాలంటే అదే కేబుల్‌లో 1, 2 పిన్నుల జత ఖాళీగా ఉంది. ఇంకో డిన్ ప్లగ్ నుంచి 4ను 1కి, 5ను 2కి కలపండి.

హెచ్చరిక ఒకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ ఆర్‌జే45 ప్లగ్‌ను ఎవరో తెలియక కెమెరాల పీఓఈ బాక్సులో (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు పంపేది) పెడితే? ప్రమాణం పాటించే స్విచ్ అవతల ఏముందో ముందు పరీక్షించి, తన రకం పరికరం అయితేనే కరెంటు ఇస్తుంది. కెమెరాలతో వచ్చే చౌక ఇంజెక్టర్లు అలా ఏమీ చూడవు. సరిగ్గా 4, 5 మీద ప్లస్, 7, 8 మీద మైనస్ నేరుగా వదిలేస్తాయి, 48 వోల్టులు కూడా ఉండొచ్చు. మీ కీబోర్డు మిడీ పోర్టుకు అది చాలు. అడాప్టర్లకు, కేబుల్ రెండు చివర్లకు ఎర్ర టేపు చుట్టి "మిడీ మాత్రమే" అని రాయండి.

ఈ పద్ధతిలో ఏ చిప్పూ లేదు, కరెంటు అక్కర్లేదు. మంచి పరికరాలైతే 50 మీటర్లు దాటి కూడా పనిచేయొచ్చు. నేనైతే అక్కడితో ఆపుతాను. ఎందుకంటే అవతలి కీబోర్డులో ఏ ఆప్టోకప్లర్ ఉందో మన చేతిలో లేదు.

మైక్ మల్టీకోర్‌లో ఖాళీ చానల్ ఉంటే

అదీ పనిచేస్తుంది, 30 మీటర్ల దాకా పెద్దగా టెన్షన్ లేదు. డిన్ 4ను ఎక్స్‌ఎల్‌ఆర్ (3 పిన్నుల మైక్ ప్లగ్) 2కి, డిన్ 5ను 3కి, డిన్ 2ను 1కి కలపండి. రెండు చివర్లా ఒకే తీరు ఉంటే చాలు. కానీ ఆ చానల్ మిక్సర్‌లోకి పోకూడదు, చివర్లో విడిగా బయటికి తీయాలి. మిక్సర్‌లో పెట్టి ఎవరైనా ఫాంటమ్ పవర్ (మైకులకు మిక్సర్ పంపే కరెంటు) వేస్తే 48 వోల్టులు మిడీ పోర్టు మీద పడతాయి. పక్క చానళ్లలో మైకులు ఉంటే మిడీ సిగ్నల్ సన్నగా "జీజీ" అని వాటిలోకి దిగుతుంది, కాబట్టి చివరి చానల్ ఇచ్చి, దాని పక్కది ఖాళీగా వదలండి.

లైట్లవాళ్ల దగ్గర డీఎమ్‌ఎక్స్ కేబుల్ (లైట్లను నడిపే డిజిటల్ సిగ్నల్‌ది) మిగిలి ఉంటే మైక్ కేబుల్ కన్నా అది నయం. డిజిటల్ సిగ్నల్ కోసమే తక్కువ కెపాసిటెన్స్‌తో తయారు చేస్తారు.

50 దాటితే: ఆర్‌ఎస్-485

ఇక్కడ చిప్పులు కావాలి. ఆర్‌ఎస్-485 అనేది ఫ్యాక్టరీల్లో మీటర్లకు, లైట్ల డీఎమ్‌ఎక్స్‌కు వాడే పద్ధతి. జతలో ఒక తీగ పైకి పోతే ఇంకోటి కిందికి పోతుంది, అవతలి చిప్ రెంటి తేడాను మాత్రమే చూస్తుంది. దారిలో మోటారు నాయిస్ పడితే రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది, తేడా మారదు. మిడీ వేగానికి ఇది 1200 మీటర్ల దాకా పోతుంది. 100 మీటర్లు దీనికి ఆటలో అరటిపండు.

కావాల్సినవి: ఆర్‌ఎస్-485 చిప్ ఉన్న మ్యాక్స్485 మాడ్యూళ్లు రెండు, 6ఎన్138 ఆప్టోకప్లర్ ఒకటి, 74హెచ్‌సీ14 ఒకటి, 1ఎన్4148 డయోడ్, 7805 రెగ్యులేటర్లు రెండు, కొన్ని రెసిస్టర్లు, జీరో పీసీబీ, 9 వోల్టుల అడాప్టర్. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

పంపే పెట్టె ముందు చూద్దాం. డిన్ 4 నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా 6ఎన్138 చిప్ 2వ కాలికి, డిన్ 5 నేరుగా 3వ కాలికి. డయోడ్‌ను ఈ రెండు కాళ్ల మధ్య తిరగేసి పెట్టండి, గీత ఉన్న వైపు 2వ కాలికి రావాలి. 8వ కాలికి 5 వోల్టులు, 5వ కాలికి గ్రౌండ్. 6వ కాలు అవుట్‌పుట్, దాన్నుంచి 5 వోల్టులకు 470 ఓమ్‌లు. 7వ కాలి నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌లు పెట్టండి. నెట్‌లో దొరికే చాలా బొమ్మల్లో ఈ చివరి రెసిస్టర్ ఉండదు. అది లేకపోతే 6ఎన్138 వెలగడం వేగంగా వెలిగి ఆరడం నెమ్మదిగా ఆరుతుంది, బిట్లు ఒకవైపు సాగిపోతాయి. రూపాయి ఖర్చుకు వెనకాడొద్దు.

6వ కాలిని మ్యాక్స్485 మాడ్యూల్ మీద డీఐ అని రాసి ఉన్న పిన్నుకు కలపండి (మిగతా పిన్నుల పేర్లూ మాడ్యూల్ మీదే ఉంటాయి). డీఈ, ఆర్‌ఈ రెండూ 5 వోల్టులకు. ఎ, బి రెండూ క్యాట్ 6 నీలం జతకు.

అందుకునే పెట్టెలో మాడ్యూల్ డీఈ, ఆర్‌ఈ రెండూ గ్రౌండ్‌కు. ఆర్‌ఓ నుంచి వచ్చే సిగ్నల్‌ను 74హెచ్‌సీ14లోని రెండు గేట్ల గుండా ఒకదాని వెనక ఒకటిగా పంపండి. ఒక్క గేటయితే సిగ్నల్ తలకిందులవుతుంది, రెండయితే మళ్లీ సరిగా వస్తుంది, పైగా బలంగా వస్తుంది. ఆ చిప్‌లో వాడని గేట్ల ఇన్‌పుట్లను గాలికి వదలకుండా గ్రౌండ్‌కు కలపండి. రెండో గేటు నుంచి 220 ఓమ్‌ల ద్వారా డిన్ 5కు, 5 వోల్టుల నుంచి ఇంకో 220 ద్వారా డిన్ 4కు, డిన్ 2 గ్రౌండ్‌కు. ప్రతి చిప్ పక్కనా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయడం మర్చిపోవద్దు.

ఎ కు ఎ, బి కి బి వెళ్లాలి. తారుమారైతే ఏమీ కాలిపోదు, అంతా చెత్త బైట్లు వస్తాయి. రెండు తీగలు మార్చి చూడండి. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలంటారు. చౌక మాడ్యూళ్ల మీద అది ముందే ఉంటుంది, మీటర్‌తో ఎ, బి మధ్య కొలిస్తే తెలుస్తుంది.

ఇప్పుడు కరెంటు. రెండు పెట్టెలకూ రెండు అడాప్టర్లు పెట్టొద్దు. పంపే వైపు ఒక్క అడాప్టర్ పెట్టి, ఆ 9 వోల్టులను గోధుమ జత మీద అవతలికి పంపండి, ఒక తీగ ప్లస్, ఒక తీగ గ్రౌండ్. రెండు పెట్టెల్లోనూ 7805 దాన్ని 5 వోల్టులు చేస్తుంది. అవతలి పెట్టె తినేది 20 మిల్లీ ఆంపియర్ల చుట్టూ, 100 మీటర్లలో అర వోల్టు కూడా పోదు. ఇందులో లాభం ఏమిటంటే, ఈ చివర మన ఆప్టోకప్లర్, ఆ చివర అందుకునే పరికరంలోని ఆప్టోకప్లర్. మధ్యలో ఉన్న లైనంతా రెండు వైపుల గ్రౌండ్‌కూ సంబంధం లేకుండా తేలుతూ ఉంటుంది. అడాప్టర్ మాత్రం ప్లాస్టిక్ ఒంటిది, రెండు పిన్నులది అయి ఉండాలి. స్టేజీ జెనరేటర్ న్యూట్రల్‌లో ఏ గొడవ ఉన్నా మిడీ దాకా రాదు.

వాడేటప్పుడు ముందు కేబుల్ పెట్టి తర్వాత అడాప్టర్ వేయండి. కరెంటు జత తగిలి సిగ్నల్ జత ఇంకా తగలనప్పుడు అందుకునే చిప్‌కు ఏది ఒకటో ఏది సున్నానో తెలియదు, అవతల కీబోర్డు దానంతటదే మోగొచ్చు.

రెండు చివర్లా కంప్యూటర్లే ఉంటే

అప్పుడు సోల్డరింగ్ మానేసి నెట్‌వర్క్ మీద పంపండి. ఆర్‌టీపీ మిడీ అనే పద్ధతి ఉంది. మ్యాక్‌లో ఆడియో మిడీ సెటప్‌లోనే దొరుకుతుంది, విండోస్‌కు ఆర్‌టీపీమిడీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. నెట్‌వర్క్ కేబుల్ ఒక ముక్క 100 మీటర్లు పోతుంది. రెండు ల్యాప్‌టాప్‌లను నేరుగా కలిపి, రెంటికీ చేత్తో ఐపీ అడ్రస్ ఇచ్చి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 5004, 5005 పోర్టులు తెరవండి. వైఫై మీద వద్దు. సాయంత్రం రిహార్సల్‌కు బాగానే ఉంటుంది. రాత్రి మైదానం నిండా ఫోన్లు వచ్చాక గాలిలో చోటుండదు.

యూఎస్‌బీ మాత్రమే ఉన్న కొత్త కీబోర్డులకు ఇంకో తిప్పలు. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లకు మించి పోదు. ఆ పోర్టుకు ఎదురుగా కంప్యూటరో, యూఎస్‌బీ హోస్ట్‌గా పనిచేసే మిడీ బాక్సో ఉండాలి. మామూలు యూఎస్‌బీ మిడీ కేబుల్ ఇక్కడ పనికిరాదు, దానికీ అవతల కంప్యూటర్ కావాలి. స్టేజీ మీద హోస్ట్ బాక్స్ పెట్టి 5 పిన్నులకు మార్చుకుంటే, అక్కడినుంచి పైన చెప్పిన దారులన్నీ పనికొస్తాయి.

ఒక్క అవుట్‌ను రెండు చోట్లకు పంచాలంటే వై కేబుల్ కట్టొద్దు. 5 మిల్లీ ఆంపియర్లు రెండుగా చీలి రెండు వైపులా అరకొరగా పనిచేస్తుంది. ఒక ఇన్‌ను చాలా అవుట్లుగా పంచే థ్రూ బాక్స్ వాడండి.

పరీక్ష

నాలుగు స్వరాలు నొక్కి "పోతుంది" అనుకోవడం పరీక్ష కాదు. వంకర బిట్లు బయటపడేది లైను నిండా డేటా ఉన్నప్పుడే.

విండోస్‌లో మిడీ-ఆక్స్ లాంటి మానిటర్ ప్రోగ్రామ్ తెరవండి. కీబోర్డు మీద ఒక చేత్తో పెద్ద కార్డు పట్టుకుని, ఇంకో చేత్తో పిచ్ బెండ్ చక్రాన్ని ఆపకుండా ఊపండి. పది నిమిషాలు అలా చేస్తూ స్క్రీన్ చూడండి. నొక్కని స్వరం నంబరు కనపడినా, ప్రోగ్రామ్ చేంజ్ (సౌండ్ మార్చమనే ఆజ్ఞ) దానంతటదే వచ్చినా లైను బాగోలేనట్టే. తర్వాత కీబోర్డు నుంచి బల్క్ డంప్ (దాని సెట్టింగుల డేటా మొత్తం ఒకేసారి) పంపండి. చాలా కీబోర్డుల డంప్‌లో చెక్‌సమ్ (తప్పు దొరకబుచ్చుకునే లెక్క) ఉంటుంది కాబట్టి ఒక్క బైట్ పాడైనా అందుకునేది ఎర్రర్ చూపిస్తుంది. మూడుసార్లు వరసగా తప్పు లేకుండా వెళ్తే నమ్మొచ్చు.

ఈ పరీక్షంతా జెనరేటర్ నడుస్తుండగా, లైట్లు, డిమ్మర్లు పూర్తిగా వేసి చేయాలి. పగలు ప్రశాంతంగా ఉన్నప్పుడు పాసైన లైను రాత్రి ఫెయిలైతే కారణం అక్కడే.

లక్షణాలను బట్టి జబ్బు తెలుస్తుంది. స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటే నోట్ ఆఫ్ (స్వరం ఆపమనే ఆజ్ఞ) దారిలో పోయింది. పట్టుకున్న స్వరం మధ్యలో తెగిపోతుంటే యాక్టివ్ సెన్సింగ్ అనే బైట్ అందడం లేదు. కొన్ని కీబోర్డులు దాన్ని 300 మిల్లీసెకన్లలోపు మళ్లీ మళ్లీ పంపుతాయి, అది రాకపోతే అవతలిది కేబుల్ ఊడిందనుకుని అన్నీ ఆపేస్తుంది. అసలేమీ రాకపోతే 4, 5 తారుమారై ఉంటాయి. ఆప్టోకప్లర్ దగ్గర తిరగేసిన డయోడ్ ఉన్నది ఆ పొరపాటు నుంచి కాపాడటానికే, కాబట్టి భయపడకుండా మార్చి చూడండి.

ప్రోగ్రామ్ రోజు

మిడీ లైనును జెనరేటర్ కేబుల్ పక్కనే పరచొద్దు. ఒక మీటరైనా దూరం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. జనం నడిచేచోట మట్టి తవ్వి పూడ్చడం కన్నా పైకెత్తి కట్టడం నయం, ఎందుకంటే ట్రాలీ ఆటో చక్రం పూడ్చినచోటే దిగుతుంది. ఆర్‌జే45 ప్లగ్ క్లిప్ తొందరగా విరుగుతుంది, కాబట్టి లాగుడు ప్లగ్ మీద పడకుండా కేబుల్‌ను స్టేజీ కాలికి ఒక చుట్టు చుట్టి కట్టండి.

అందుకునే వైపు ఆపరేటర్‌కు పానిక్ బటన్ ఎక్కడుందో చూపించండి. అది కంట్రోలర్ 123, అంటే అన్ని స్వరాలూ ఆపమనే ఆజ్ఞ పంపుతుంది. దానికీ ఆగకపోతే 120 పంపాలి, అది సౌండ్‌నే కోసేస్తుంది. పంపే వైపు నుంచి నొక్కితే అదే పాడైన లైను మీద రావాలి కదా, అందుకే అందుకునే వైపే ఉండాలి.

ఎండాకాలం ప్రోగ్రాములైతే సాయంత్రం గాలిదుమారం లేచి ఉరుములు మొదలైనప్పుడు రెండు చివర్లా ప్లగ్గులు పీకేయండి. ఆరుబయట 100 మీటర్ల తీగ పిడుగు దగ్గర్లో పడినా చాలు, వోల్టేజీ పుట్టిస్తుంది. ఆప్టోకప్లర్ హమ్‌ను ఆపుతుంది గానీ పిడుగును ఆపదు. ఒక చివరే పీకితే రెండో చివర పరికరం పోతుంది.

తెల్లవారి కేబుల్ చుట్టేటప్పుడు తడి గుడ్డతో తుడిచి, ఎనిమిది తీగలకూ మీటర్ పెట్టి చూసి, తెగిన జత ఉంటే అప్పుడే టేపు మీద రాసి పెట్టండి. మళ్లీ సామాను దింపేటప్పుడు ఏ చుట్ట మంచిదో వెతుక్కునే పని ఉండదు.